బయటి దేశం నుంచి టైల్స్, ప్లైవుడ్, అల్యూమినియం తెప్పించే ముందు యాంటీ డంపింగ్ ఆర్డర్ ఎలా చదవాలి

కంటైనర్ ఓడెక్కి పది రోజులైంది, అప్పుడు కస్టమ్స్ బ్రోకర్ ఫోన్ చేసి "ఈ సరుకు మీద యాంటీ డంపింగ్ ఉందండీ, మీరు చూసుకోలేదా" అని అడిగితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేను ఇంపోర్ట్ కాగితాల పనిలోకి కొత్తగా వచ్చిన రోజుల్లో జరిగింది అది. అల్యూమినియం సెక్షన్లు, రేటు బాగుందని అందరం సంబరపడ్డాం, సప్లయర్ ఫ్యాక్టరీ పేరు యాంటీ డంపింగ్ ఆర్డర్‌లో, అంటే బయటి సరుకు మీద అదనపు సుంకం వేస్తూ ప్రభుత్వం ఇచ్చే ఉత్తర్వులో, తక్కువ రేటు ఉన్న వాళ్ళలోనే ఉందని చూసుకున్నాం కూడా. కానీ ఇన్వాయిస్ కొట్టింది ఆ ఫ్యాక్టరీ వాళ్ళ సొంత ట్రేడింగ్ కంపెనీ, ఓనర్ ఒకరే, ఆఫీసు ఒకటే, పేరు మాత్రం వేరు. ఆ ఒక్క తేడాకి సరుకు మొత్తం "మిగతా అందరూ" అనే వరుసలోకి పోయింది, ఆ వరుసలో రేటు ఎంతో చూశాక ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టలేదు.

ఆర్డర్ చదవడం లాయర్ల పని అని చాలామంది వదిలేస్తారు. కేసు పెద్దదైతే లాయర్ కావాలి, నిజమే, కానీ అడ్వాన్స్ పంపే ముందు చూసుకోవాల్సినవి మాత్రం మూడే మూడు, సరుకు వర్ణన, కంపెనీ పేర్ల వరుస, తేదీలు. ఈ మూడూ మీరే చదువుకోవచ్చు, మీ సరుకు గురించి మీకు తెలిసినంత ఏ లాయర్‌కీ తెలీదు కాబట్టి మీరే చదవాలి కూడా.

ముందు రెండు మాటలు సరిగ్గా పట్టుకోండి

డంపింగ్ అంటే చౌకగా అమ్మడం అనుకుంటారు, అంత తేలిక కాదు. ఒక ఫ్యాక్టరీ తన సొంత దేశంలో 12 కి అమ్మే టైలుని బయటి దేశానికి 9 కి పంపితే అది డంపింగ్. తేడా 3, దాన్ని 9 తో భాగిస్తారు, అంటే ఎగుమతి ధరతో, 12 తో కాదు, అందుకే మార్జిన్ 25 శాతం కాకుండా 33 శాతం పైన వస్తుంది. సొంత దేశం ధర నమ్మలేం అనుకుంటే తయారీ ఖర్చుకి లాభం కలిపి ఒక ధర కడతారు, చైనా విషయంలో అయితే అమెరికా వేరే దేశంలోని ముడిసరుకు, కూలీ రేట్లు తీసుకుని లెక్క వేస్తుంది, యూరప్ కూడా 2017 డిసెంబర్ నుంచి ప్రభుత్వ జోక్యం వల్ల ధరలు వంకరపోయాయని తేలితే బయటి ధరలు వాడుతుంది. ఫ్యాక్టరీ వాడు "మేము నష్టానికి అమ్మట్లేదు" అని ఎంత నిజాయితీగా చెప్పినా రేటు పెద్దగా రావడానికి ఇది ఒక కారణం.

సబ్సిడీ సంగతి వేరు. అక్కడ చూసేది ఫ్యాక్టరీ ధర కాదు, ప్రభుత్వం చేసిన సాయం. మూడూ ఉండాలి, ప్రభుత్వం నుంచి డబ్బు గానీ డబ్బు లాంటి సాయం గానీ రావాలి, దానివల్ల కంపెనీకి లాభం కలగాలి, అది అందరికీ కాకుండా కొన్ని కంపెనీలకో కొన్ని పరిశ్రమలకో మాత్రమే దొరికేది అయ్యుండాలి. ప్రభుత్వ బ్యాంకు చవక అప్పు, చవక భూమి, చవక కరెంటు, పన్ను మినహాయింపు, ఇవన్నీ ఇందులోకి వస్తాయి. కెనడా కలప గొడవ 1982 నుంచీ నడుస్తోంది, మూలం ఏంటంటే అక్కడి అడవులు ఎక్కువగా ప్రభుత్వానివి, చెట్టు కొట్టుకోవడానికి కంపెనీలు కట్టే రుసుము మార్కెట్ ధర కన్నా తక్కువ కాబట్టి అది సబ్సిడీయే అని అమెరికా కలప మిల్లుల వాదన. 2020 లో యూరప్ ఇంకో అడుగు ముందుకేసింది, ఈజిప్టులో చైనా కంపెనీలు పెట్టిన గ్లాస్ ఫైబర్ ఫ్యాక్టరీలకి చైనా నుంచి వచ్చిన సాయాన్ని కూడా ఈజిప్టు సబ్సిడీ కిందే లెక్కగట్టింది, 2024 నవంబర్‌లో యూరప్ కోర్టు కూడా అది సరే అంది. కాబట్టి సరుకు ఏ దేశంలో తయారైందో దానితో పాటు ఆ ఫ్యాక్టరీ వెనక ఎవరి డబ్బుందో కూడా అడగండి.

ఈ సుంకాలు వేసేది ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) కాదు. 1995 లో వచ్చిన ఒప్పందాలు నియమాలు మాత్రమే చెప్తాయి, విచారణ చేసి సుంకం వేసేది ఎవరి దేశం వాళ్ళే. డంపింగో సబ్సిడీయో ఉందని తేలితే సరిపోదు, దానివల్ల స్థానిక పరిశ్రమకి నష్టం జరిగిందని కూడా తేలాలి. అమెరికాలో ఈ రెండు ప్రశ్నలూ రెండు సంస్థలు చూస్తాయి, మొదటిది కామర్స్ డిపార్ట్‌మెంట్, రెండోది ఇంటర్నేషనల్ ట్రేడ్ కమిషన్. పేపర్లో "డంపింగ్ నిజమే, భారీ సుంకం" అని చూసి కంగారుపడి సప్లయర్‌కి ఇచ్చిన ఆర్డర్ క్యాన్సిల్ చేసుకున్న వాళ్ళున్నారు. కెనడా, చైనా, మెక్సికోల నుంచి వచ్చే బిల్డింగ్ ఉక్కు ఫ్రేములు, వీటిని ఫ్యాబ్రికేటెడ్ స్ట్రక్చరల్ స్టీల్ అంటారు, వాటి కేసు తీసుకోండి. కామర్స్ సుంకం రేట్లు ప్రకటించాక కూడా 2020 ఫిబ్రవరిలో కమిషన్ నష్టం జరగలేదని ఓటేసింది, అంతే, మొత్తం కేసు పోయింది. 2024 అక్టోబర్‌లో 14 దేశాల అల్యూమినియం ఎక్స్‌ట్రూజన్ల (అచ్చులోంచి నెట్టి తీసిన సెక్షన్ల) మీద కేసు కూడా సరిగ్గా అలాగే కొట్టుకుపోయింది. రెండో సంస్థ ఏమందో తెలిసేదాకా తీర్పు అయిపోయినట్టు కాదు.

మొదటి పని: మీ సరుకుని ఒక కాగితం మీద రాసుకోండి

ఆర్డర్ తెరవకముందే ఈ పని చేయండి. ఏ పదార్థం, ఎలా తయారైంది, మందం ఎంత, పొడవు వెడల్పు ఎంత, పైన ఏ పూత ఉంది, రంధ్రాలు కొట్టారా, కోశారా, ముక్కలుగా వస్తోందా బిగించి వస్తోందా, ఎక్కడ వాడతారు, ఏ ఫ్యాక్టరీ తయారు చేసింది, ఎవరు అమ్ముతున్నారు, ఎవరు ఓడెక్కిస్తున్నారు, ఏ పోర్టు నుంచి, మధ్యలో ఇంకో దేశంలో ఆగుతుందా. ఇది ముందే రాసి పెట్టుకోకుండా ఆర్డర్ చదివితే మనసు మనకి కావలసిన అర్థమే చూపిస్తుంది, ఇది నా అనుభవం.

రెండో పని: ఆర్డర్ ఎక్కడుందో పట్టుకోండి

సరుకు దిగే దేశం ముఖ్యం. అమెరికా అయితే ఫెడరల్ రిజిస్టర్ అనే ప్రభుత్వ గెజిట్‌లో వస్తుంది, ప్రతి కేసుకీ ఒక నంబర్ ఉంటుంది, ఏ తో మొదలైతే యాంటీ డంపింగ్, సి తో మొదలైతే సబ్సిడీ, మధ్యలో మూడంకెలు దేశం, చైనాకి 570, కెనడాకి 122. చైనా సిరామిక్ టైల్స్ యాంటీ డంపింగ్ కేసు ఏ-570-108, దాని జంట సబ్సిడీ కేసు సి-570-109. చాలాసార్లు ఇలా జంటగానే ఉంటాయి, ఒకటి చూసి రెండోది మర్చిపోవద్దు.

యూరప్ అయితే అధికారిక జర్నల్, దానితో పాటు టారిక్ అనే సుంకాల డేటాబేస్, ఉచితంగా చూడొచ్చు. ఇండియాలో వాణిజ్య శాఖ కింద ఉండే డీజీటీఆర్ అనే సంస్థ విచారణ చేసి సిఫారసు మాత్రమే చేస్తుంది, సుంకం వేసేది ఆర్థిక శాఖ, దానికి మూడు నెలల టైమ్, వేయకపోవచ్చు కూడా, అందుకే డీజీటీఆర్ తుది నివేదిక చూసి ఆగిపోకుండా కస్టమ్స్ నోటిఫికేషన్ వచ్చిందా అని గెజిట్ చూడాలి. ఆస్ట్రేలియాలో యాంటీ డంపింగ్ కమిషన్, కెనడాలో డంపింగ్ సంగతి బోర్డర్ ఏజెన్సీ, నష్టం సంగతి ట్రైబ్యునల్, బ్రిటన్‌లో 2021 నుంచి ట్రేడ్ రెమెడీస్ అథారిటీ. అన్నిటికీ వెబ్‌సైట్లలో అమల్లో ఉన్న సుంకాల జాబితా ఉంటుంది.

మూడో పని: సరుకు వర్ణన, దీని మీద ఎక్కువ టైమ్ పెట్టండి

హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్‌లో సరుకు రకాన్ని గుర్తించే అంకెల కోడ్) చూసి "మా కోడ్ జాబితాలో లేదు, మనకి వర్తించదు" అనుకోవడమే ఎక్కువమంది చేసే తప్పు. అమెరికా ఆర్డర్ల చివర్లో ఒక వాక్యం దాదాపు ప్రతిసారీ ఉంటుంది, కోడ్‌లు సౌకర్యం కోసం ఇచ్చినవి, రాతలో ఉన్న వర్ణనే అసలైనది అని. యూరప్‌లో కోడ్‌కి ఎక్కువ బరువు ఉంటుంది, అయినా కోడ్‌కి ముందు "ఎక్స్" అని ఉంటే ఆ కోడ్‌లో కొంత సరుకుకే వర్తిస్తుందని అర్థం, మళ్ళీ వర్ణన చదవాల్సిందే.

చైనా అల్యూమినియం ఎక్స్‌ట్రూజన్ల మీద అమెరికా 2011 ఆర్డర్ ఒకటి దగ్గరగా చూపిస్తాను, ఇది చదివితే మిగతావి చదవడం వస్తుంది. అందులో మొదట ఏ అల్యూమినియం మిశ్రమాలో చెప్తుంది, తర్వాత అచ్చులోంచి నెట్టి తీసిన ఆకారాలన్నీ వస్తాయి అంటుంది, పూత వేసినా, కోసినా, వంచినా, రంధ్రాలు కొట్టినా వస్తాయి అంటుంది. అక్కడితో "ఇక మొత్తం పోయాం" అనిపిస్తుంది. తర్వాత మినహాయింపులు మొదలవుతాయి, అసలు కథ అంతా ఇక్కడే. పూర్తిగా, శాశ్వతంగా బిగించి, దేశంలోకి వచ్చే క్షణానికే పూర్తైన వస్తువు అయితే బయట, ఉదాహరణకి గాజు వేసిన కిటికీ, గాజో వినైలో వేసిన తలుపు, సోలార్ ప్యానెల్ ఇలాంటివి.

ఇంకో మినహాయింపు కిట్లకి. ఒక పూర్తి వస్తువుని తయారు చేయడానికి కావలసిన భాగాలన్నీ ఒకే ప్యాక్‌లో ఉండాలి, తర్వాత కోయడం, రంధ్రం కొట్టడం లాంటి పని ఏదీ మిగలకూడదు, ఉన్నది ఉన్నట్టు బిగించేస్తే వస్తువు అయిపోవాలి. వెంటనే ఇంకో వాక్యం, స్క్రూలు బోల్టులు పెట్టినంత మాత్రాన కిట్ అయిపోదు అని. ఈ రెండు వాక్యాల మధ్యే ఎన్నో కంపెనీల లాభనష్టాలు తేలిపోయాయి. మీ ప్యాకెట్‌లో కిటికీ ఫ్రేము ఉంది, స్క్రూలున్నాయి, గాజు మాత్రం ఇక్కడ కొనుక్కుందాం అనుకున్నారు, అంతే, కావలసిన భాగాలన్నీ ప్యాక్‌లో లేవు, ఇక దాన్ని కిట్ అని నిలబెట్టుకోవడం చాలా కష్టం. గాజు కూడా అక్కడి నుంచే వేయించుకుంటే ఖర్చు పెరుగుతుందేమో గానీ సుంకం లెక్క మొత్తం మారిపోవచ్చు.

పెద్ద బిల్డింగులకి ముందువైపు మొత్తం కప్పే కర్టెన్ వాల్ సంగతి ఇంకా గట్టిది. గాజు బిగించి ఉన్న యూనిట్లే కదా, పూర్తైన వస్తువే కదా అని ఇంపోర్టర్లు వాదించారు. ఒక్కో యూనిట్ తనంతట తాను గోడ కాదు, చాలా యూనిట్లు కలిస్తేనే గోడ, కాబట్టి ఇది భాగమే అని కామర్స్ అంది, 2015 లో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు కూడా అదే నిలబెట్టింది. అందుకే మీ సరుకు "పూర్తైనదా" అని ఆలోచించేటప్పుడు, సైట్‌లో దించాక ఇంకేమీ కలపకుండా దాని పని అది చేస్తుందా అని అడగండి.

చదివినా సందేహం తీరకపోతే స్కోప్ రూలింగ్ అని ఒకటి అడగొచ్చు. మీ సరుకు ఫొటోలు, డ్రాయింగులు, తయారీ విధానం అన్నీ పెట్టి ఇది ఆర్డర్ కిందికి వస్తుందా రాదా చెప్పమని కామర్స్‌నే అడగడం. వాళ్ళు మొదట ఆర్డర్ రాత చూస్తారు, తర్వాత సుంకం అడుగుతూ స్థానిక పరిశ్రమ పెట్టిన పాత పిటిషన్, పాత తీర్పులు చూస్తారు, అప్పటికీ తేలకపోతే సరుకు భౌతిక లక్షణాలు, వాడేవాళ్ళు ఏం ఆశిస్తారు, చివరికి ఎందుకు వాడతారు, ఏ దారిలో అమ్ముడవుతుంది, ఎలా ప్రకటన ఇస్తారు అన్నవి చూస్తారు. ఈ చివరి దాని వల్ల మీ సప్లయర్ క్యాటలాగ్‌లో రాసిన మాటలు కూడా సాక్ష్యమే అవుతాయి, "విండో ఫ్రేమ్ ప్రొఫైల్" అని క్యాటలాగ్‌లో ఉండి మీరు కస్టమ్స్ ఎంట్రీలో, అంటే సరుకు దిగినప్పుడు ఇచ్చే డిక్లరేషన్‌లో, "డెకరేటివ్ ట్రిమ్" అని వేస్తే నిలబడదు. పాత స్కోప్ రూలింగులు బయట దొరుకుతాయి, మీ లాంటి సరుకు మీద ఇంతకుముందే తీర్పు వచ్చిందేమో వెతకండి, చాలాసార్లు వచ్చే ఉంటుంది.

నాలుగో పని: పేర్ల వరుస

రేట్ల పట్టికలో మామూలుగా తయారీదారు, ఎగుమతిదారు, రేటు అని ఉంటాయి. ఇద్దరూ కలిసి ఒక జత. ఈ ఫ్యాక్టరీ సరుకుని ఈ ఎగుమతిదారు పంపితేనే ఈ రేటు, అదే ఫ్యాక్టరీ సరుకు వేరే ట్రేడర్ చేతి మీదుగా వస్తే ఆ రేటు దొరకకపోవచ్చు. మేము దెబ్బతిన్నది ఇక్కడే.

తేడా ఎంత ఉంటుందంటే, చైనా టైల్స్ మీద యూరప్ 2011 లో వేసిన సుంకంలో విచారణకి సహకరించి జాబితాలో పేరున్న ఎక్కువ కంపెనీలకి 30.6 శాతం, పేరు లేని వాళ్ళందరికీ 69.7 శాతం. సరుకు ఒకటే, ఓడ ఒకటే, పేరు ఒక్కటే తేడా. మీ సరుకు విలువ 100 అనుకోండి, మామూలు సుంకం 5 అనుకోండి, పేరుంటే 135.6 అవుతుంది, లేకపోతే 174.7, ఇంకా దాని పైన అమ్మకం పన్ను పడుతుంది, ఈ సుంకాలన్నీ కలిపిన మొత్తం మీద.

పేరు అక్షరం అక్షరం పోల్చండి. "కంపెనీ లిమిటెడ్" అని ఒకచోట, "గ్రూప్ కంపెనీ లిమిటెడ్" అని ఇంకోచోట ఉంటే అవి వేరు వేరు కంపెనీలు అయ్యుండొచ్చు. ఊరి పేరు ముందు ఉందా లేదా చూడండి. పేరు మారింది అని సప్లయర్ అంటే, ఆ పేరు మార్పుని విచారణ సంస్థ ఒప్పుకుంటూ ఇచ్చిన నోటీసు చూపించమని అడగండి, వాళ్ళ దేశంలో రిజిస్ట్రేషన్ కాగితం ఒక్కటి సరిపోదు. యూరప్‌లో అయితే ప్రతి కంపెనీకీ నాలుగు అక్షరాల టారిక్ అదనపు కోడ్ ఉంటుంది, దాంతో పాటు ఇన్వాయిస్ మీద ఒక ప్రకటన కావాలి, ఈ ఇన్వాయిస్‌లోని ఇంత సరుకుని ఫలానా దేశంలో ఫలానా చిరునామాలోని ఫలానా కంపెనీ తయారు చేసింది, ఈ వివరాలు నిజం అని ఆ కంపెనీ అధికారి పేరు, హోదా, సంతకంతో. ఆ నాలుగు లైన్లు లేకపోతే జాబితాలో పేరున్నా మిగతా అందరి రేటే వేస్తారు. అందుకే ప్రొఫార్మా ఇన్వాయిస్ (సరుకు పంపకముందు ఇచ్చే ముసాయిదా బిల్లు) స్టేజీలోనే ఆ ప్రకటన నమూనా అడిగి తెప్పించుకోండి.

కొన్నిచోట్ల రేటు మూడంకెల్లో కనిపిస్తుంది. అమెరికా 2020 లో చైనా టైల్స్ మీద వేసిన సబ్సిడీ సుంకం 358.81 శాతం, యాంటీ డంపింగ్ వేరే. ఇంత పెద్ద అంకెలు మామూలుగా కంపెనీ పుస్తకాలు చూసి వేసినవి అయ్యుండవు, విచారణ సంస్థ పంపిన ప్రశ్నాపత్రానికి జవాబివ్వని, సహకరించని వాళ్ళ మీద దొరికిన సమాచారంతో వేసినవి. ఆ రేటు చూసి ఆ కంపెనీ అంత మోసం చేసిందని అనుకోనక్కర్లేదు, కానీ కట్టాల్సింది మాత్రం అంతే.

ఐదో పని: రేటు ఏ రూపంలో ఉందో చూడండి

శాతంలో ఉంటే లెక్క తేలిక. ఇండియాలో ఎక్కువగా టన్నుకి ఇన్ని డాలర్లు అనో చదరపు మీటర్‌కి ఇన్ని అనో ఉంటుంది, అప్పుడు చవక సరుకు మీద భారం ఎక్కువ, ఖరీదు సరుకు మీద తక్కువ. ఇంకో రకం రిఫరెన్స్ ధర, మీ సరుకు దిగిన ధర ఆ అంకె కన్నా ఎంత తక్కువుంటే అంత కట్టాలి, ఎక్కువుంటే ఏమీ లేదు. బేరమాడి తగ్గించుకున్న డబ్బంతా ఇక్కడ సుంకం కిందే పోతుంది, కాబట్టి ఇలాంటి సుంకం ఉన్న సరుకు మీద బేరం ఆడే ముందు లెక్క వేసుకోండి.

యూరప్, ఇండియాల్లో మామూలుగా చిన్న సుంకం నియమం ఉంది, పరిశ్రమకి జరిగిన నష్టం తీరడానికి ఎంత చాలో అంతే వేస్తారు, డంపింగ్ మార్జిన్ అంతకన్నా ఎక్కువున్నా. అమెరికాలో అది లేదు, మార్జిన్ ఎంతుంటే అంతా. మొదటి విచారణలో డంపింగ్ మార్జిన్ 2 శాతం కన్నా తక్కువ తేలితే మాత్రం ఆ కంపెనీ మీద సుంకం ఉండదు.

ఆరో పని: తేదీలు

విచారణ మామూలుగా ఏడాదిలో అయిపోవాలి, ఎంత లేటైనా 18 నెలలు దాటకూడదు. మొదలైన 60 రోజుల తర్వాత ఎప్పుడైనా తాత్కాలిక సుంకం రావచ్చు. ఇదొకటి గుర్తుంచుకోండి, మీరు సప్లయర్‌కి ఆర్డర్ ఇచ్చేనాటికి సుంకం లేదు, కానీ విచారణ మొదలైంది, సరుకు దిగేసరికి తాత్కాలిక సుంకం వచ్చేస్తుంది. పైగా వెనక్కి వెళ్ళే నియమం ఒకటుంది, సుంకం వస్తుందని తెలిసి తక్కువ టైమ్‌లో సరుకు గుట్టలుగా తెప్పించారని తేలితే తాత్కాలిక సుంకానికి 90 రోజుల ముందు దిగిన సరుకు మీద కూడా వేయొచ్చు. ఆర్డర్ రాకముందే గబగబా పది కంటైనర్లు తెప్పించేద్దాం అనే ఆలోచన ఉంటే ఇది చదివాక ఇంకోసారి ఆలోచించుకోండి. ఒక ఊరట ఏంటంటే, తుది సుంకం తాత్కాలికం కన్నా ఎక్కువైతే ఆ తేడా వసూలు చేయరు, తక్కువైతే తేడా వెనక్కి ఇస్తారు.

సుంకం ఐదేళ్ళు అని రాసి ఉంటుంది, ఐదేళ్ళు దాటింది కదా పోయింది అనుకోవద్దు. గడువుకి ముందే సమీక్ష మొదలైతే అది తేలేదాకా సుంకం మామూలుగా కొనసాగుతుంది, తర్వాత మళ్ళీ ఐదేళ్ళు పొడిగించొచ్చు. పైన చెప్పిన యూరప్ టైల్స్ సుంకం 2017 లో ఒకసారి, 2024 లో ఇంకోసారి పొడిగించారు.

ఏడో పని: అమెరికాకి పంపేవాళ్ళు, తెప్పించేవాళ్ళు ఇది తప్పకుండా చదవండి

వేరే చాలా దేశాల్లో దిగినప్పుడు కట్టిందే సుంకం, అయిపోయింది. అమెరికాలో దిగినప్పుడు కట్టేది డిపాజిట్ మాత్రమే. ప్రతి ఏడాదీ ఆర్డర్ వచ్చిన నెలలో ఎవరైనా సమీక్ష అడగొచ్చు, అడిగితే ఆ ఏడాది దిగిన సరుకు లెక్క మళ్ళీ వేస్తారు, తేలేసరికి ఏడాది పైనే పడుతుంది, రేటు పెరిగితే మిగతాది వడ్డీతో కట్టాలి, తగ్గితే వడ్డీతో వెనక్కి వస్తుంది. ఎవరూ అడగకపోతే డిపాజిటే ఖాయం అవుతుంది. కెనడా కలప చూడండి, ఎక్కువ కంపెనీలకి పడే రెండు సుంకాలూ కలిపిన రేటు 2018 లో 20 శాతం పైన, 2020 చివర్లో 9 దగ్గరికి దిగింది, 2021 లో 18 దగ్గరికి ఎక్కింది, 2024 ఆగస్టులో 14 పైన, 2025 లో 35 దాటింది. ఇల్లు కట్టేవాడికి రేటు చెప్పి, కలప అమ్మేసి, డబ్బు తీసుకున్న తర్వాత ఆ బాకీ వస్తే ఎవరిని అడుగుతారు? ఆ బాధ్యత కాగితాల మీద ఇంపోర్టర్‌గా ఎవరి పేరుంటే వాళ్ళదే. "అన్ని సుంకాలూ మేమే కడతాం, ఇంటికి తెచ్చి ఇస్తాం" అని సప్లయర్ అంటే, ఎంట్రీలో ఇంపోర్టర్ పేరు ఎవరిది పెడతారో రాతపూర్వకంగా అడగండి.

ఇంకో రెండు చిన్న సంగతులు, ఎంట్రీ టైప్ 03 అని వేయాలి, మామూలు 01 కాదు. యాంటీ డంపింగ్ సుంకం డబ్బు సప్లయర్ మీకు తిరిగి ఇవ్వట్లేదని సర్టిఫికెట్ పెట్టాలి, పెట్టకపోతే ఇస్తున్నట్టే అనుకుని సుంకం రెట్టింపు చేస్తారు.

ఎనిమిదో పని: "వేరే దేశం మీదుగా పంపుతాం" అంటే

ఈ మాట వినగానే ఆగిపోండి. సప్లయర్లు చాలా మామూలుగా చెప్తారు, అందరూ చేస్తారండీ అంటారు. ఓడ మధ్యలో ఆగినంత మాత్రాన సరుకు పుట్టిన దేశం మారదు, ఆ దేశం నుంచి తెచ్చిన ఆరిజిన్ సర్టిఫికెట్ అబద్ధం అవుతుంది, దొరికితే శిక్ష మీకే. అమెరికాలో 2016 చట్టం తర్వాత పోటీ కంపెనీ ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చు, కస్టమ్స్ 90 రోజుల్లో తాత్కాలిక చర్యలు తీసుకోవచ్చు. నిజంగానే వేరే దేశంలో కొంత పని జరిగినా తప్పించుకున్నట్టు కాదు, చైనా పొరలు తెచ్చి వియత్నాంలో అతికించిన ప్లైవుడ్ కొన్ని రకాలు చైనా ఆర్డర్ కిందికే వస్తాయని 2023 జులైలో కామర్స్ తేల్చింది. కాబట్టి ప్లైవుడ్ అయితే మధ్య పొర ఎక్కడిది, పై పొర ఎక్కడిది, ఎక్కడ అతికించారు అని విడివిడిగా అడగండి, ఫ్యాక్టరీ వీడియో కాల్‌లో చూపించమనండి, కలప కొన్న ఇన్వాయిస్‌లు అడగండి. నిజమైన ఫ్యాక్టరీ ఇవన్నీ ఇస్తుంది, కాస్త విసుక్కుంటారేమో గానీ ఇస్తారు.

తొమ్మిదో పని: కాంట్రాక్టులో రాయించుకోండి

తయారీదారు పూర్తి పేరు చిరునామా, ఇన్వాయిస్ కొట్టే కంపెనీ పేరు, ఆ ఇద్దరి జతకి ఆర్డర్‌లో ఉన్న రేటు, ఓడెక్కే లోపు రేటు మారితే ఎవరు భరిస్తారు, విచారణ సంస్థ ప్రశ్నాపత్రం పంపితే సప్లయర్ జవాబిస్తాడా లేదా. ఈ చివరిది ఎవరూ రాయించుకోరు, కానీ సప్లయర్ సహకరించకపోతే వచ్చే రేటు మీ నెత్తి మీదే పడుతుంది. విచారణ నడుస్తుంటే మీరు కూడా ఇంపోర్టర్‌గా పేరు నమోదు చేసుకుని మీ మాట చెప్పుకోవచ్చు, ఈ సైజు ఇక్కడ ఎవరూ తయారు చేయరు, దాన్ని వదిలేయండి అని ఆధారాలతో అడిగితే కొన్ని రకాల్ని నిజంగానే మినహాయిస్తారు, నోటీసులో ఇచ్చిన గడువు మాత్రం దాటకూడదు.

సరుకు ఇప్పటికే సముద్రం మీద ఉంటే

కంగారులో కోడ్ మార్చి ఎంట్రీ వేయమని బ్రోకర్‌ని అడగొద్దు. ముందు ఆ సరుకు నిజంగా వర్ణనలోకి వస్తుందా అని పై మూడో పని మళ్ళీ చేయండి. వస్తుంది అంటే, ఎంట్రీ వేయకముందే వేరే దేశంలో కొనేవాళ్ళకి అమ్మి ఓడ దారి మార్చించడం ఒక దారి, బాండెడ్ గోదాములో (సుంకం కట్టకముందు కస్టమ్స్ అదుపులో సరుకు ఉంచే చోటు) పెట్టి అక్కడి నుంచే తిరిగి ఎగుమతి చేయడం ఇంకో దారి. గోదాములో ఉంచితే రేటు తగ్గాక తీసుకోవచ్చు అనుకుంటారు, చాలాచోట్ల తీసుకునే రోజు రేటు పడుతుంది, అది పెరగనూ వచ్చు. అమెరికా ఫారిన్ ట్రేడ్ జోన్‌లో పెట్టినా ఈ సుంకాలు తప్పవు. ఇవేవీ కుదరకపోతే కట్టి తీసుకుని, తయారీదారు సర్టిఫికెట్, ఎగుమతి డిక్లరేషన్, డబ్బు పంపిన బ్యాంకు కాగితం అన్నీ ఒకే ఫైల్లో పెట్టి సమీక్షలో గానీ అప్పీల్‌లో గానీ వాడుకోండి.

మేము ఆ అల్యూమినియం కంటైనర్‌కి పూర్తిగా కట్టే తీసుకున్నాం. ఫ్యాక్టరీ, ట్రేడింగ్ కంపెనీ ఒకే ఓనర్‌వి అని కాగితాలు తెప్పించి చూపించాం, జత పట్టికలో లేదని ఒప్పుకోలేదు. తర్వాతి కంటైనర్‌కి ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, బిల్ ఆఫ్ లేడింగ్ మూడూ నేరుగా ఫ్యాక్టరీ పేరు మీదే, ఆర్డర్‌లో ఉన్న స్పెల్లింగ్‌తోనే తెప్పించాం, దానికి తక్కువ రేటే పడింది.